పాతరలో ముప్పై ఒక్క సీసాలు

తాగేటోడి ఇంట్లో సీసా మిగలదంటరు. వెంకటరామారావు సారు ఇంట్లో ముప్పై ఒక్క సీసాలు మిగిలినయ్. ఆయనకు తాగుడంటే ఇష్టం లేక కాదు. తాగే రోజు ఆయనకు ఎన్నడూ రాలేదు, గదీ సంగతి.

సారంటే పండ్ల తోటల ఆఫీసరు. తండ్రి కాలంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి జూలూరుపాడు దగ్గర భూములు కొనుక్కున్న కుటుంబం. కొలువు మాత్రం భద్రాచలం చుట్టుపక్కలే చేసిండు. జూన్ నెల వస్తే పర్ణశాల రోడ్డు పొంటి కోయ ఆడోళ్లు నేరేడు పండ్ల గంపలు ముందల పెట్టుకొని కూసుంటరు. జనమంతా పావుకిలో కొనుక్కొని నాలుక నీలంగ చేసుకొని పోతే, ఈయన గంపలకు గంపలు జీపులో ఏసుకొని ఇంటికి తెచ్చేటోడు. కడిగి, పిసికి, చక్కెర కలిపి జాడీల్లో పులియబెట్టి, గుడ్డతోటి వడగట్టి, నల్ల సీసాల్లోకి ఎత్తి కార్కు బిరడాలు కొట్టేటోడు. ఎక్సైజోళ్లు ఇనకుండ మెల్లగ చెప్తున్న గని, అది వైను. ఎర్ర వైను.

ఇంటెనక తండ్రి తవ్వించిన జొన్నల పాతర ఒకటుండె. జొన్నలు పోయి పత్తి వచ్చినంక అది ఖాళీగ పడున్నది. సారు దానికి ఇటుకలు కట్టించి, మెట్లు పెట్టించి, సీసాలను అందులో పండబెట్టిండు. రోహిణి కార్తెలో గూడ లోపల చల్లగ ఉంటది. ఏడాదికి రెండో మూడో సీసాలు. ఎక్కువ చేయడు. చేసినయి మంచిగ ముదరాలంటడు.

ఆయన భార్య సీతారావమ్మకు ఈ యవ్వారం మొదట్నుంచీ మంటే. ఆవకాయ జాడీల్లో మందు చేస్తారా అని మొదటి ఏడు రెండు రోజులు మాట్లాడలేదు. తర్వాత తర్వాత అలవాటు పడింది. ఒక ఏడు తనే అడిగింది గూడ.

"పోనీ అదేదో ఒకటి తీయండి, ఏముందో చూద్దాం."

సారు సీసాను వెలుతురుకు పట్టి చూసి, మళ్లీ దాని జాగాలో పండబెట్టి, "ఇంకో ఏడాది" అన్నడు.

ఆ మాట ఆయనకు ఊతపదం. సీసాల దగ్గర్నే కాదు. కాశీకి పోదామండీ అంటే ఇంకో ఏడాది. వంటింటికి కిటికీ పెట్టించండి అంటే ఇంకో ఏడాది. బందరులో ఉన్న అక్కను చూసొస్తా అంటే, ఈ మిర్చి కోతలు కానీ, ఇంకో ఏడాది పోదువుగానిలే అన్నడు. అక్క ఆ ఏడాది ఆగలేదు. సీతారావమ్మ పోయేసరికి గోడ మీద దండేసిన ఫోటో ఉంది. గా దినం నుంచి ఆ మాట చెవిన పడితే ఆమెకు ఒంటి మీద కారం చల్లినట్టుండేది.

ఇప్పుడు చూడుండ్రి దేవుడి సరసం. మొన్న మాఘమాసంలో సారుకు పక్షవాతం కొట్టింది. కుడిపక్క మొత్తం పడిపోయింది. ఖమ్మం దవాఖానాలో ఇరవై రోజులున్నడు. మాట పోయింది. పన్నెండో రోజు నోరు పెగిలితే, అమ్మయ్య అని సీతారావమ్మ ఉరికి పోయింది.

"ఇంకో ఏడాది" అన్నడు సారు.

నీళ్లు కావాలన్నా అదే. నొప్పన్నా అదే. నర్సమ్మ సూది గుచ్చితే కోపంగ అదే. డాక్టరు చెప్పిండు, "కొందరికి ఇట్లనే అయితదమ్మా. మాటలన్నీ పోయి ఒక్కటి మిగిలిపోతది. ఎక్కువగ వాడిన మాటే మిగులుతదంటరు." ఆమె నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వక కొంగు నోట్లో కుక్కుకున్నది.

పంపేటప్పుడు ఆ డాక్టరే ఆమెను పక్కకు పిలిచిండు. ముక్కులో గొట్టంతోటే గంజీ జావా పోయాలె, నోట్లో నీళ్లు గూడ పోయొద్దు, పోస్తే ఊపిరితిత్తుల్లోకి దిగుతయ్. నోరెండితే దూది తడిపి నాలుకకు అద్దాలె, అంతే. ఎండాకాలం దాటితే గొప్పనే అనుకోండ్రి అని గూడ అన్నడు.

ఇంటికి తెచ్చి ముందరింట్లో కిటికీ పక్కన మంచమేసింది. ఒక్కతి ఆయన్ను పక్కకు తిప్పలేదు. తండా నుంచి కమ్లి పొద్దు మాపూ వచ్చేది. కమ్లి సారు చేనులో ముప్పై ఏండ్లు మిర్చి కోసింది. ఆమె భర్త దేవ్లా సారెనక తిరిగి నేరేడు గంపలు మోసినోడు, బతికున్నన్ని దినాలు. ఆయన పోయి ఏడేండ్లాయె. ఇప్పుడు కమ్లికి సొంతంగ రెండెకరాలున్నది, కూలికి పోయే అవసరం లేదు. అయినా వచ్చేది. పైసలిస్తే తిట్టేది.

ఒకనాడు డాక్టరు పాత రిపోర్టులు అడిగిండని సీతారావమ్మ బీరువా వెతుకుతుంటే సారు నోటుబుక్కు దొరికింది. ఏ ఏడు ఎన్ని సీసాలు చేసిండో, ఎప్పుడు తీయాల్నో అంతా రాసుకున్నడు. రెండువేల పద్నాలుగు, మూడు సీసాలు, నాలుగేండ్లకు తీయాలి అని ఉంది. దాన్ని కొట్టేసి ఐదేండ్లకు అని, అది కొట్టేసి ఆరేండ్లకు అని. ప్రతి ఏడుకూ గట్లనే. చివరి పేజీలో ఇంకో మాట రాసుంది. నేరేడు వైను ద్రాక్ష వైను లాంటిది కాదు, ఎనిమిదేండ్లు పైబడితే రంగు దిగుతుంది, తర్వాత ప్రాణం పోతుంది అని.

తెలిసే ఆగిండన్న మాట! సీతారావమ్మ పుస్తకం మంచమ్మీద విసిరేసింది. విసిరేసి, మళ్లీ తీసుకొని, ఏండ్లు ఎంచి చూసింది. పోయినయి పోయినయ్. ఇంకా బతికున్నయి ఉన్నా, ఈ ఏడో వచ్చే ఏడో. మనిషి సంగతీ అదే.

ఆమెకు ఒక్కసారి తట్టింది. ఇన్నేండ్లలో ఈయన ఒక్క ముదిరిన సీసా తీసి నోట్లో పోసుకున్నది లేదు. కొత్తది కట్టేటప్పుడు చెంచాతోటి చూసుడే. చేసినోడు చేసిన దాని రుచి తెల్వకుండ పోతే ఎట్ల? పెండ్లాన్ని బందరు పోనియ్యలేదు, కాశీ పోనియ్యలేదు, సరే. కనీసం నువ్వన్నా ఏదో ఒకటి అనుభవించి పోవద్దా నాయనా!

"కమ్లీ" అన్నది ఆ మధ్యాహ్నం. "పాతర మూత తియ్యాలి, ఒక చెయ్యి వెయ్యి."

పాతరలో ముప్పై ఒక్క సీసాలున్నయ్. పుస్తకంలో ముప్పై రెండు. పద్నాలుగో ఏడువి మూడుండాల్సింది రెండే ఉన్నయ్. ఎప్పుడో పగిలుంటది అనుకున్నది. అన్నిటికంటె పాతదాన్ని పైకి తెచ్చి, వంటింటి గడప మీద కూసొని, ఇద్దరూ మరమేకుతోటి తంటాలు పడి బిరడా పీకిండ్రు. సీతారావమ్మ పుట్టి బుద్ధెరిగినంక మందు ముట్టలేదు. కమ్లికి ఇప్పసారా తప్ప ఇంకోటి తెల్వదు. సక్కటి జోడు!

కమ్లి స్టీలు గ్లాసులో ఇంత పోసుకొని, ముందుగాల నాలుగు చుక్కలు నేల మీద చల్లింది. పోయినోళ్లకు పోయకుండ తండావాళ్లు తాగరు. తర్వాత గుక్కేసి మొఖం ముడిచింది.

"ఇదేంది అక్కా, పులుసు!"

సీతారావమ్మ నాలుకకు తగిలించుకొని చూసింది. పులుపు సంగతి తెల్వడానికి వైను చదువు అవసరం లేదు, నలభై ఏండ్లు పచ్చళ్లు పెట్టిన నాలుక చాలు. పుచ్చిపోయిన పులుపు. రంగు గూడ ఎరుపు కాదు, పాత టీ రంగు.

ముందరింట్లో నుంచి సారు గొంతు వినబడ్డది. బిరడా చప్పుడు ఇన్నట్టున్నడు. "ఇంకో ఏడాది?"

ఆ ఒక్క మాటలోనే ఆమె ఇప్పుడు నాలుగు రకాలు గుర్తుపడుతది. ఇది అడుగుడు. ఆమె గడప దాక పోయి, "బాగుందండీ" అన్నది. "మీరన్నట్టే ముదిరింది. కొంచెం ఘాటుగా ఉంది, రేపు ఇంకోటి తీసి మీకు రుచి చూపిస్తా."

సారు ఎడమ చెయ్యి దుప్పటి మీద రెండుసార్లు కొట్టిండు. సంబురపడ్డడు.

అట్ల మొదలైంది. రోజూ మధ్యాహ్నం రెండింటికి గొట్టంలో జావ పోసినంక ఒక సీసా. రెండోది పులుసే. మూడోది నీళ్లు, వాసన లేదు, రుచి లేదు. నాలుగోది తీసినప్పుడు కమ్లి ఫెళ్లున తుమ్మింది. ఒకటి కాదు, ఏడు తుమ్ములు.

"అక్కా, ఇందులో మిరపకాయ ఉన్నది."

"నీ తలకాయ! వైనులో మిరపకాయేంటే" అని సీతారావమ్మ ముక్కు పెట్టి చూసింది. కండ్లల్ల నీళ్లొచ్చినయ్. నిజంగ మిర్చి ఘాటే. కల్లంలో ఆరబోసిన ఎండుమిర్చి మీద ముక్కు పెట్టినట్టు.

అప్పుడు యాదికొచ్చింది. కొన్నేండ్ల కింద వానలు దంచికొట్టి పాతరలోకి ఊట దిగింది. సారు అల్లాడిపోయి, పైగూట్లో ఉన్న కొన్ని పాతవి తప్ప సీసాలన్నీ ఎత్తి ఖమ్మం ఏసీకి తోలిండు. మా దిక్కు ఏసీ అంటే గోడకు పెట్టే మిషను కాదు, మిర్చి బస్తాలు దాచే కోల్డ్ స్టోరేజి. మిర్చి రైతుకు దానికి మించిన భద్రం లోకంలో లేదు. ధర వచ్చేదాక ఆగాలంటే ఏసీ. పప్పులు పురుగు పట్టొద్దంటే ఏసీ. సారు తన మిర్చి బస్తాల నడుమ గోతాలు చుట్టి సీసాలను రెండేండ్లు పండబెట్టిండు. సల్లగ, చీకటిగ, నిమ్మళంగ ఉన్నయని ఊరందరికీ చెప్పుకున్నడు. ఆ తర్వాత కొత్తవి కట్టలేదు. కార్కు అనేది ఊపిరి పీలుస్తదని పుస్తకంలో తన చేత్తో రాసుకున్నోడే, రెండేండ్లు అది మిర్చి ఊపిరి పీలిస్తే ఏమైతదో ఆలోచించలేదు. ఎంత చదివినా రైతు రైతే.

"ఏం మనిషివయ్యా" అని సీతారావమ్మ నెత్తి పట్టుకున్నది. కమ్లికి నవ్వొచ్చింది. తర్వాత ఆమెకూ వచ్చింది. ఇద్దరూ గడప మీద కూసొని తుమ్ముకుంట నవ్విండ్రు. ముందరింట్లో నుంచి సారు, "ఇంకో ఏడాది?" అన్నడు. నవ్వు ఆగిపోయింది.

"బాగుందండీ" అన్నది ఆమె.

ఎండలు ముదిరినయ్. సీసాలు తరుగుతున్నయ్. పది, పదిహేను, ఇరవై. పాతవి పులుసు, నడిమివి మిర్చి, కొన్నిటికి రెండూ. పారబోసిన కాడ మట్టి నల్లబడ్డది గని, చక్కెర పోసి చేసినదాని మీదకు చీమలు గూడ రాలేదు. రోజూ తీసేముందు సీతారావమ్మ భద్రాద్రి రామయ్యకు దండం పెట్టుకునేది. మందు మంచిగుండాలని రామునికి మొక్కింది ఆ జిల్లాలో ఆమె ఒక్కతే అయ్యుంటది. రోజూ ఆయన అడుగుతడు. రోజూ ఆమె బాగుందనే అంటది. రేపు రుచి చూపిస్తా, రేపు. చెప్పి చెప్పి ఒకరోజు ఆమెకే తట్టింది. ఆయన మాటే ఇప్పుడు తన నోట్లోకొచ్చింది, ఏడాది బదులు రేపు, అంతే తేడా.

ఇరవై ఆరో సీసా నాడు ఆమె గ్లాసు కడగకుండ చేతిలోనే పట్టుకొని మంచం దగ్గరికి పోయింది. గొట్టం సరిచేద్దామని వంగింది. గ్లాసు ఆయన ముక్కుకు జానెడు దూరంలో ఉండె. సారు ముక్కుపుటాలు అదిరినయ్. ఒకసారి పీల్చిండు. ఇంకోసారి పీల్చిండు.

పండ్ల ఆఫీసరు ముక్కు అది. కాయ కోయకుండ లోపల పురుగుందా లేదా చెప్పే ముక్కు. పక్షవాతం దాన్ని ముట్టలేదు.

ఆయన ఆమె మొఖంలోకి చూసిండు. తర్వాత తల గోడ దిక్కు తిప్పుకున్నడు. ఎడమ కంటి నుంచి నీళ్లు కారి చెవిలోకి పోయినయ్. "ఏమండీ" అన్నది. ఆయన తనకున్న ఒక్క మాట గూడ అనలేదు.

మిగిలిన ఐదూ ఆమె ఆ పొద్దే తీసింది. వరసపెట్టి, పిచ్చిదాని లెక్క. ఐదూ మిర్చే. ముప్పై ఒకటి అయిపోయినయ్. పాతర మెట్ల మీద కూసొని మోకాళ్లలో తల పెట్టుకొని ఏడ్చింది. నేను చూపించకుండ ఉన్నా బాగుండు, నా సీసాలు భద్రంగున్నయన్న ధీమాతోటన్నా పోయేటోడు, గిప్పుడు అది గూడ లేకుండ చేస్తినే అని ఏడ్చింది. కమ్లి ఖాళీ సీసాలు ఏరి గంపలో పెట్టింది. పొద్దుగూకకముందే తండాకు పోయింది.

రెండు రోజులు సారు కండ్లు తెరవలేదు. జావ పోస్తే వెనక్కి తన్నుకొస్తున్నది. ఊర్లో ఆరెంపీ డాక్టరు వచ్చి నాడి చూసి, "చుట్టాలకు ఫోన్లు చేసుకోండ్రమ్మా" అని పోయిండు.

మూడోనాడు పొద్దున్నే కమ్లి వచ్చింది. చంకలో పాత గుడ్డ మూట ఉన్నది. విప్పింది. లోపల నల్ల సీసా, దాని మీద వడ్ల ధూళి. చిట్టీ మీద సారు చేతిరాత, రెండువేల పద్నాలుగు.

సీతారావమ్మ నోరెళ్లబెట్టింది. "ఇదెక్కడిదే?"

"మా ఇంట్లో వడ్ల గుమ్మిలో ఉండె అక్కా. మా బిడ్డ శ్రావణి పెండ్లికి సారు మా ఆయనకు ఇచ్చిండు. ఇప్పుడే తియ్యకు దేవ్లా, ఇంకో ఏడాది ఆగు అన్నడు. మా ఆయన ఆగిండు." కమ్లి సీసాను కొంగుతోటి తుడిచింది. "ఏడాది నిండకముందే జరమొచ్చి పాయె. నాకు తియ్య మనసు రాలేదు, పారెయ్య మనసు రాలేదు. అట్లనే వడ్లలోకి తోసి పెట్టిన."

"ఇన్ని దినాలు నాతోటి ముప్పై ఒక్కటి తాగితివి, ఒక్క మాట చెప్పకపోతివే!"

"ఎట్ల చెప్త అక్కా? ఆయన ముట్టినయి ఇంట్లో ఇంకేమున్నయ్? బట్టలు కాలబెట్టినం. మంచం ఇచ్చేసినం. గిది ఒక్కటే." సీసాను సీతారావమ్మ చేతిలో పెట్టింది. "రాత్రంతా ఆలోచన చేసిన. సారు ఏడ్సుడు నాకు కనబడుతనే ఉన్నది. తియ్యి, జల్దీ తియ్యి, మళ్లీ నా మనసు మారుతది."

మంచం పక్కనే కూసొని తీసిండ్రు. బిరడా మెత్తగ వచ్చింది. తుమ్ము రాలేదు. కమ్లి వంగి నేల మీద పోసింది, ఈసారి నాలుగు చుక్కలు కాదు, దోసెడు. దేవ్లా పేరు రెండుసార్లు పిలిచింది. సీతారావమ్మ గ్లాసు నోటికి పెట్టుకున్నది. ముందు వగరు, నేరేడు కొరికినంక నాలుకను పట్టుకుంటదే, ఆ వగరు. తర్వాత ఏం లేదనిపించింది. మింగినంక, గొంతు దిగినంక, ఎక్కడి నుంచో తీపి వచ్చింది. వచ్చి పోలేదు.

"ఎట్లున్నది అక్కా?"

"బాగుందే" అన్నది. నెల రోజులుగ అంటున్న మాటే. ఈసారి చెప్పడానికి కష్టమైంది.

దూది ముంచి, పిండి, ఆయన పెదాలు విడదీసి నాలుకకు అద్దింది. ఏం కాలేదు. ఇంకోసారి అద్దింది. నాలుక కదిలింది. ఎండిపోయిన నాలుక దూదిని వెతుక్కుంట ముందుకొచ్చింది. మూడోసారికి సారు కండ్లు తెరిచిండు. ముందు పైకప్పు చూసిండు, తర్వాత సీసాను, దాని మీద తన రాతను. మొఖంలో సగభాగమే కదులుతది గద, ఆ సగం వెలిగింది. ఆమె పెండ్లైన కొత్తల చూసిన మొఖం.

ఎడమ చెయ్యి లేపిండు. సీసా దిక్కు చూపించి, పెరటి దిక్కు చూపించిండు. పాతర దిక్కు.

"ఇంకో ఏడాది" అన్నడు.

అడుగుడు కాదు, నొప్పి కాదు, కోపం కాదు. సీసాను వెలుతురుకు పట్టుకొని చూసి అనేటోడే, అచ్చం అదే. బాగుంది, ఇంకా బాగైతది, మూసి పెట్టు అని.

సీతారావమ్మ చెయ్యి అలవాటు కొద్దీ బిరడా మీదికి పోయింది. నలభై రెండేండ్ల అలవాటు. బందరు సంచి సర్దుకొని మళ్లీ విప్పుకున్న చెయ్యి అది. కమ్లి ఆమె దిక్కే చూస్తున్నది. సరేనండీ, పెడతాను అని ఒక మాట అంటే అయిపోయె, ఆయన సంతోషంగ కండ్లు మూసుకునేటోడు. నిజం చెప్పాలంటే, ఇన్నేండ్లలో మొదటిసారి ఆ ఇంకో ఏడాది ఆమెకూ కావాలనిపించింది. ఎవరన్నా ఇస్తమంటే చేతులు పట్టి అడుక్కునేది. గంతగనం తిట్టుకున్న మాటను.

ఆమె బిరడాను తీసి కిటికీలో నుంచి పెరట్లోకి విసిరేసింది.

"లేదండీ" అన్నది. "ఇంక ఏడాది లేదు. ఇవాళే."

సారు కిటికీ దిక్కు చూసి, మళ్లీ ఆమె దిక్కు చూసిండు. కోపమొస్తదేమో అనుకున్నది. ఆమె దూదిని మళ్లీ ముంచింది, కమ్లి గ్లాసు పట్టుకున్నది.

దూది దిక్కు చూసి, ఆయన నోరు తెరిచిండు.